ఆరు వందల గజాల లోపు మనుషులు కారా?

చట్టాలు రాయడంలో మన పాలకుల్ని మించినవాళ్లు లేరు. రాసిన చట్టం పేదవాడి గుమ్మం దాకా రాకుండా మధ్యలో గీత గీయడంలో అసలే లేరు. భవనాల్లో కరెంటు పొదుపు పేరుతో ఇరవై ఏళ్లకు పైగా ఢిల్లీలో, హైదరాబాదులో, ఇప్పుడు అమరావతిలో తయారవుతున్న నిబంధనలన్నీ చదివితే తేలేది ఇదే. పెద్ద భవనం చల్లగా ఉండాలి, దానికి నక్షత్రాలు ఇవ్వాలి, పతకాలు ఇవ్వాలి. చిన్న ఇల్లు ఎట్లా ఉడికిపోయినా చట్టానికి పట్టదు. ఆ గీత ఎక్కడుందో గజాల్లో లెక్కవేసి చెప్పడానికే ఈ వారం ఇక్కడ జాగా తీసుకుంటున్నాం.

విజయవాడలో భవానీపురం చూసినవాళ్లకు మాట సులువుగా అర్థమవుతుంది. ఒకవైపు కృష్ణ, పున్నమి ఘాటు, ఎదురుగా భవానీ ద్వీపం. వెనకవైపు కొండలు. మధ్యలో హైదరాబాదు రోడ్డు. హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి కుమ్మరిపాలెం దాకా వంద గజాలు, నూట యాభై గజాలు, మహా అయితే మూడు వందల గజాల స్థలాల్లో ఇళ్లు, వాటి మీద అంతస్తులు, పక్కపక్కన ఆనుకున్న గోడలు. ఏటి ఒడ్డున ఉన్నాం కదా అని గాలి లోపలికి రాదు. బెజవాడను బ్లేజ్‌వాడ అని కట్టమంచి రామలింగారెడ్డి అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కాలంలో పెంకుటిళ్లు, మద్రాసు మిద్దెలు, వీధి అరుగులు, తాటాకు పందిళ్లు ఉండేవి. ఇప్పుడున్నది ఉత్త స్లాబు. పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతుంది. మే నెలలో సాయంత్రం అయ్యేసరికి పై అంతస్తుల వాళ్లు డాబా ఎక్కి పైపుతో స్లాబు తడుపుతుంటారు. ఆ నీళ్లు పైకెక్కడానికి మళ్లీ మోటారు, మోటారుకు మళ్లీ కరెంటు.

ఉద్యమ పత్రికకు భవానీపురంతో ఏం పని అని కొందరు మిత్రులు అడగొచ్చు. పని ఉంది. మన కొట్లాట ఏనాడూ అక్కడి ప్రజలతో కాదు, రెండు చోట్లా ఒకే తీరుగా ఏలిన పాలకులతో. పైగా ఈ కథ మొదలయ్యేది మన బొగ్గుతోనే. భవానీపురం నుంచి అదే హైదరాబాదు రోడ్డు మీద ఎగువకు వెళ్తే గొల్లపూడి దాటాక ఇబ్రహీంపట్నం. అక్కడ 1979 నుంచి మండుతున్న విజయవాడ థర్మల్ స్టేషన్, ఇప్పుడు నార్ల తాతారావు పేరు పెట్టుకున్నది. దాని బాయిలర్లలోకి సింగరేణి బొగ్గు వెళ్లింది, ఒడిశాలోని తాల్చేరు బొగ్గు వెళ్లింది. వచ్చిన వెలుగు గ్రిడ్డులో కలిసి హైటెక్ సిటీ అద్దాల మేడల దాకా వెళ్లింది. బూడిద మాత్రం ఇబ్రహీంపట్నం దాటలేదు. విభజన సమయంలో, 2014 మే 8న ఇచ్చిన ఇరవయ్యో నంబరు జీవోతో కరెంటును తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రకు 46.11 శాతం అని పాయింటు తర్వాత రెండంకెల దాకా పంచారు. ఆ పంపకం మీద, బకాయిల మీద 2017 నుంచి రెండు ప్రభుత్వాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. బూడిదను పంచమని మాత్రం ఎవరూ అడగలేదు. పాల్వంచ వాళ్లకు, రామగుండం వాళ్లకు బూడిద గోస ఏమిటో మేం చెప్పక్కర్లేదు. ఇబ్రహీంపట్నం వాళ్లదీ అదే గోస.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే మన థర్మల్ స్టేషన్లలో ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూగా బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంటే యూనిట్‌కు పావు కిలో బూడిద. పాత ఏసీ ఒకటి రాత్రంతా తిరిగితే పది యూనిట్ల దాకా తింటుంది. రెండున్నర కిలోల బూడిద. ఇంచుమించు ఒక ఇటుక బరువు. మన ఇంటి కప్పు వేడిని ఆపలేకపోయిన పాపానికి రాత్రికొక ఇటుకంత బూడిద ఇంకొకరి ఊళ్లో పేరుకుంటున్నది. ఏసీ లేనివాడికి ఈ పాపం లేదు, నిద్ర కూడా లేదు.

ఇక చట్టం సంగతి. కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో వచ్చింది. 2007లో ఆ బ్యూరో భవనాలకు ఒక కోడ్ తయారు చేసింది. ఆఫీసులు, మాల్స్, హోటళ్లు, ఆస్పత్రుల వంటి వాణిజ్య భవనాల గోడ, కప్పు, కిటికీ, దీపాలు, ఏసీలు ఎంత మేరకు వేడిని, కరెంటును మింగవచ్చో అందులో రాశారు. రాష్ట్రాలు నోటిఫై చేస్తే తప్ప అది కాగితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పని 2014 జనవరి 28న మున్సిపల్ శాఖ ముప్ఫయ్యో నంబరు జీవోతో చేసింది. ఆ తేదీ చూడండి. అసెంబ్లీలో విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది జనవరి 30న. అంటే రాష్ట్రమంతా కుతకుతలాడుతున్న ఆ వారంలో, రెండు రోజుల ముందు, సెక్రటేరియట్‌లో ఎవరో ఒక బుద్ధిమంతుడైన అధికారి కూచుని భవనాల కోడ్ ఫైలు మీద సంతకం చేయించుకున్నాడు! ఇది వెటకారానికి అనడం లేదు. విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చిన మంచి కాగితాల్లో అదొకటి. ఆస్తులు, అప్పులు, నీళ్లు, ఉద్యోగులు అన్నిటి మీదా తగాదా పడ్డాం గానీ ఈ జీవో కోసం ఎవరూ తగాదా పడలేదు.

ఎందుకు పడలేదు? అది తొంభై తొమ్మిది మందికి తగలదు గనుక. వెయ్యి చదరపు మీటర్ల స్థలం, లేదా రెండు వేల చదరపు మీటర్ల కట్టుబడి ఉన్న వాణిజ్య భవనాలకే ఆ కోడ్. మన లెక్కలో దాదాపు పన్నెండు వందల గజాలు. ఇళ్ల ఊసు లేదు. ఇళ్ల కోసం కేంద్రం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అని ఇంకొకటి తెచ్చింది. పేరు బాగుంది. గీత మాత్రం 500 చదరపు మీటర్ల దగ్గర గీసింది. మన లెక్కలో ఆరు వందల గజాలకు రెండు గజాలు తక్కువ. 2022లో చట్టాన్ని సవరించి నివాస భవనాలను కూడా కోడ్ కిందకు తెచ్చామని పార్లమెంటులో గొప్పగా చెప్పుకున్నారు. అక్కడ గీత 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు. రాష్ట్రాలు కావాలంటే తగ్గించుకోవచ్చు అన్నారు. మూడు, అయిదు కిలోవాట్ల మీటరున్న ఇల్లు ఆ గీతకు ఎన్ని ఆమడల దూరమో చెప్పండి. భవానీపురం మొత్తం వెతికినా ఆరు వందల గజాల్లో సొంతిల్లు కట్టుకున్నవాళ్లు ఎంతమంది దొరుకుతారు?

చట్టంలో ఉన్నది బ్రహ్మవిద్య కూడా కాదు. సంహిత అడుగుతున్నవి ఏమిటంటే, మన లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలి. కప్పు లోంచి దిగే వేడికి ఒక హద్దు ఉండాలి. మనం వేసుకునే ఉత్త స్లాబు ఆ హద్దుకు రెండింతలకు పైగా వేడి లోపలికి వదులుతుంది. గోడల లోంచి లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు మించకూడదు. ఇవన్నీ ఇంజనీరు లేకుండా తాపీ మేస్త్రీకి నోటితో చెప్పగలిగిన సంగతులు. పడమటి గోడకు నీడ, ఎదురెదురు కిటికీలు, స్లాబు మీద తెల్ల పెంకులు లేదా ఏటా చిక్కగా సున్నం. మన తాతలు బెల్లం, కరక్కాయ కలిపిన సున్నంతో మిద్దెలు వేసింది దీని కోసమే కదా.

ఇంత సులువైన పనిని ప్రభుత్వం తాను కట్టే ఇళ్లలోనైనా చేసిందా? చెయ్యలేదు. భవానీపురానికి కాస్త ఎగువన జక్కంపూడి వెళ్లి చూడండి. అక్కడ టిడ్కో ఇళ్లు ఉన్నాయి. 2016 తర్వాత ఆంధ్రలో పట్టణ పేదల కోసం కట్టిన ఈ అపార్టుమెంట్లకు షియర్ వాల్ పద్ధతి ఎంచుకున్నారు. అంటే ఇటుక లేదు, గోడలు కూడా కాంక్రీటే. త్వరగా లేస్తుంది, గట్టిగా ఉంటుంది, కాదనం. కానీ సన్నటి కాంక్రీటు గోడ ఎండను ఎట్లా లోపలికి పంపుతుందో సివిల్ చదివే రెండో ఏడాది పిల్లవాణ్ని అడిగినా చెప్తాడు. కప్పూ అదే, గోడా అదే. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2020 డిసెంబరు 25న ఇంకో ఇళ్ల పథకం మొదలుపెట్టింది. పట్టణంలో ఒక సెంటు, అంటే నలభై ఎనిమిది గజాలు. 340 చదరపు అడుగుల ఇల్లు. ఇంటికి 1.80 లక్షల రూపాయలు. లక్షల సంఖ్యలో ఇళ్లు. ఒక సెంటులో ఇల్లు కట్టుకున్న మనిషి పడమటి నీడ ఎక్కడ తెచ్చుకోవాలి? జెండాల రంగు మారింది, స్లాబు మాత్రం మారలేదు.

లక్షల ఇళ్లు ఒకేసారి కట్టించే యజమాని ఈ దేశంలో ప్రభుత్వం ఒక్కటే. తన నమూనా మ్యాపులో కిటికీ కాస్త పెంచి, కప్పు మీద తెల్ల పెంకులు తప్పనిసరి చేసి ఉంటే ఎవరికీ జీవో చూపించే పని ఉండేది కాదు. మేస్త్రీలు దాన్నే నేర్చుకుని పక్క వీధిలో వేసేవాళ్లు. మార్కెట్లో పెంకుల ధర దానంతట అదే దిగేది. ఆ అవకాశాన్ని రెండుసార్లు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు మళ్లీ బూడిద దగ్గరికి వద్దాం. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ స్టేషన్‌కు 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్లు కనీసం పాతిక శాతం బూడిద కలపాలి, స్టేషన్ వాళ్లు బూడిద ఉచితంగా ఇవ్వాలి అని. ఆ దూరాన్ని 2003లో వంద కిలోమీటర్లకు, 2016లో మూడు వందల కిలోమీటర్లకు పెంచారు. ఇబ్రహీంపట్నం చుట్టూ 50 కిలోమీటర్ల గీత గీస్తే విజయవాడ, మంగళగిరి, గుంటూరు అన్నీ లోపలే. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని కనిపెట్టింది కూడా తెలుగు గడ్డ మీదే, విశాఖపట్నంలో, భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు. డెల్టాలో కారు మట్టిని, నాలుగు తరాలు వరి పండిన పై మట్టిని, గీకి తెచ్చి బట్టీలో కాల్చడం కంటే ఇది ఎంతో మేలు. ఆ ఇటుకల యూనిట్లు లేచి చాలామంది బతుకుతున్నారు కూడా.

అయితే ఉన్నమాట చెప్పాలి. బూడిద ఇటుక పొలం మట్టిని కాపాడుతుంది, బట్టీ పొగను తప్పిస్తుంది. ఇంట్లోకి వేడి రాకుండా ఆపడంలో ఎర్ర ఇటుక కంటే పెద్ద గొప్పదేం కాదు. ఆ పని చేసేది అదే బూడిదతో ఆవిరి మీద ఉడికించి చేసే తేలిక బ్లాకు, మేస్త్రీలు ఏఏసీ అనే బ్లాకు. దాని లోంచి దిగే వేడి మామూలు ఇటుక గోడలో సగం కూడా ఉండదు. దానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి, పెట్టుబడి కావాలి. అందుకే అది అపార్టుమెంట్ల బిల్డరుకు దొరుకుతున్నంత సులువుగా వంద గజాల్లో ఇల్లు కట్టేవాడికి దొరకదు. అతను కొనేది యాభై, వంద బ్లాకులు, లారీ లోడు కాదు. ఇక్కడ ప్రభుత్వం వేలు పెట్టాలి. కానీ ప్రభుత్వాలు, నాయకులు వేలు పెట్టేది బూడిద లారీల దగ్గర. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ స్టేషన్ బూడిద ఎవరి లారీలు తోలాలన్న దాని మీద అక్కడి నాయకుల రగడ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఆ బూడిద మీద పడే ఊళ్ల గురించి అంత పంచాయితీ ఎప్పుడైనా జరిగిందా?

హైదరాబాదు విషయంలో మనం మన వీపు మనమే తట్టుకోవడం కూడా కుదరదు. 2003లో అమెరికా వెలుపల మొట్టమొదటి ప్లాటినం రేటింగు పొందిన భవనం హైదరాబాదులోదే, సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. ఉమ్మడి ప్రభుత్వం అందులో భాగస్వామి. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడిమధ్య వాకిలి, జాలీ గోడలు, గాలి బురుజులు, కప్పు మీద పచ్చిక. అంటే మన పాత లోగిళ్లలో ఉన్నవే, ప్లాటినం రేటింగుతో. తర్వాత ఆ చుట్టుపక్కల లేచిన అద్దాల పెట్టెలు దాని నుంచి ఏం నేర్చుకున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం 2023 ఏప్రిల్ 3న దేశంలో ఏ రాష్ట్రమూ చెయ్యని పని చేసి, చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పు తెల్లబడాలని లక్ష్యం. శభాష్ అనే లోపే మళ్లీ ఆ గీత కనిపించింది. ఇళ్లకు ఆరు వందల గజాలు దాటితే తప్పనిసరి, లోపయితే మీ ఇష్టం! అడ్డగుట్టలో, బోరబండలో, వరంగల్ శివనగర్‌లో ఆరు వందల గజాల ఇల్లు ఎవరికుంది? ఎండకు ఎక్కువ ఉడికేవాడికి 'మీ ఇష్టం' అన్న మాట హక్కు కాదు, వదిలించుకోవడం.

భవానీపురం ఘాటులో నిలబడితే కృష్ణకు అవతల ఒడ్డు అమరావతి వైపు. 2019 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ భవనాలకు ఊరంతటికీ ఒకే చోట నీళ్లు చల్లబరిచి పైపుల్లో పంపే పద్ధతి కోసం గల్ఫ్ కంపెనీ తబ్రీద్‌తో ముప్ఫై ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. విడివిడిగా ఏసీలు పెట్టడం కంటే అది నిజంగా పొదుపే. ఎన్నికలయ్యాక రాజధాని పనులే ఆగిపోయాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి మళ్లీ ప్రారంభించారు. హైకోర్టు, సెక్రటేరియట్ చల్లగా ఉండాలి, ఉండనివ్వండి. ఏటికి ఇవతల ఒడ్డున వందేసి గజాల్లో ఉన్న ఇళ్లకు ముప్ఫై ఏళ్లది కాదు, ఒక్క వేసవికి సరిపడే పథకమైనా ఉందా అన్నదే మా ప్రశ్న.

చిన్న ఇళ్లకు నిబంధనలు పెడితే పేదల మీద భారం పడుతుందని అధికారులు అంటుంటారు. వినడానికి దయగానే ఉంటుంది. కానీ భారం ఇప్పుడు ఎవరి మీద ఉంది? మన పట్టణాల్లో చాలామంది చిన్న ఉద్యోగులు, విద్యార్థులు ఉండేది అద్దె ఇళ్లలో. ఇల్లు కట్టేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు. కప్పు మీద పెంకులు వేస్తే ఖర్చు యజమానిది, లాభం కిరాయిదారుడిది. ఇక యజమాని ఎందుకు వేస్తాడు? పై అంతస్తు గది అద్దె తక్కువ అని చేరిన కుర్రవాడు మిగిల్చిన డబ్బును కూలరుకు, సబ్ మీటరు మీద యజమాని చెప్పిన రేటుకు కట్టేస్తున్నాడు. పైన సర్దుబాటు చార్జీలు సరేసరి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలు తగ్గించమన్నందుకు కాల్పుల్లో ముగ్గురు పోయారు. కరెంటు బిల్లు మన జనానికి చిన్న మాట కాదని పాలకులు మరిచిపోయినా మనం మరవలేదు. ఇట్లాంటి చోటనే చట్టం కావాలి. యజమాని మంచితనం మీద వదిలేస్తే జరగని పని కోసమే కదా చట్టం ఉన్నది.

అమలు కష్టమన్న సాకు కూడా చెల్లదు. తెలంగాణలో 2020 టీఎస్-బీపాస్ చట్టంతో ఆరు వందల గజాల లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇస్తున్నారు. అనుమతి కాగితంలో ఇంటి ఎత్తు ఇంత, వదిలే జాగా ఇంత అని సంతకం చేస్తున్న మనిషి, కప్పు మీద తెల్ల పెంకులో సున్నమో వేస్తాను, గదికి ఆరో వంతు కిటికీ పెడతాను అని ఇంకో రెండు వరసలకు సంతకం చెయ్యలేడా? ఆ రెండు వరసలు చేర్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, ప్రపంచ బ్యాంకు అక్కర్లేదు. మున్సిపల్ శాఖ జీవో ఒకటి చాలు. ఆంధ్రలో ఆన్‌లైన్ అనుమతులకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. ఇళ్ల కప్పుల విషయంలో ఆరు వందల గజాల గీత చెరిపెయ్యండి. నూరు గజాల లోపు ఇంటికి పెంకుల ఖర్చు, సున్నం ఖర్చు ప్రభుత్వమే భరించాలి, ఏసీ ఆదా అయిన యూనిట్లలో డిస్కములకు అది తిరిగొస్తుంది. టిడ్కో ఇళ్ల మీద, జక్కంపూడి దగ్గర నుంచి మొదలుపెట్టి, వచ్చే వేసవి లోపు తెల్ల కప్పు వెయ్యండి. బూడిద లారీల కాంట్రాక్టులు ఎవరెవరికి ఏ ధరకు ఇచ్చారో థర్మల్ స్టేషన్ గేటు మీద బోర్డు రాసి పెట్టండి. చిన్న ఇటుకల యూనిట్లకు బూడిద ముందుగా దక్కాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, చుట్టూ లెక్కలేనన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. హైదరాబాదు, వరంగల్ సంగతి చెప్పక్కర్లేదు. ఒక థర్మామీటరు పట్టుకుని ఏప్రిల్ నెలంతా ఒక వీధిలో పై అంతస్తు గదుల్లో రాత్రి పదింటికి వేడి ఎంతుందో రాయండి. సున్నం వేసిన డాబా, వెయ్యని డాబా పక్కపక్కన. ఆ కాగితం మున్సిపల్ కమిషనరు బల్ల మీద పెట్టి రసీదు తీసుకోండి. టౌన్ ప్లానింగులో, డిస్కములలో పనిచేసే ఉద్యోగ సోదరులు ఏ నిబంధన ఎక్కడ ఆగిందో మాకు రాయండి. పేరు వెయ్యం, మాట వేస్తాం.